నాము ఏడు

పేరు ఆవులప్ప గాని, అతనికి ఆవులు లేవు. ఉన్న రెండూ డెబ్బై నాలుగో సంవత్సరం కార్తీకంలో ఒకే పొద్దున చచ్చిపోయాయి.

వాళ్లది కర్ణాటకలో బాగేపల్లి దగ్గర పల్లె. ఇల్లంతా తెలుగు, బడంతా కన్నడం. అక్కడ జొన్న కోసేశాక మోళ్లు నేలలో మిగులుతాయి. ఒక్క వాన పడితే చాలు, వాటినుంచి పచ్చగా పిలకలు లేస్తాయి. ఆ పిలకల్ని నాము అంటారు. చూస్తే మనిషికే నోరూరేంత లేతగా ఉంటుంది, లోపలుండేది విషం. తలుగు తెంచుకున్న ఆవులు రెండూ కడుపారా నాము మేసి వచ్చి దొడ్లో పడ్డాయి. బెల్లం నీళ్లు పోశారు. దిష్టి తీశారు. పక్కూరి నుంచి ఒకాయన వచ్చి మంత్రం కూడా వేశాడు. విషానికి మంత్రాలు రావు కాబట్టి అది తన పని తాను చేసుకుపోయింది. పద్దెనిమిదేళ్ల ఆవులప్ప పెద్దావు తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దాని నోట్లోంచి ఒక వాసన వచ్చింది. చేదుగా, చివర్లో కొంచెం తియ్యగా. ఆ వాసనకు పేరేమిటో అతనికి తెలీదు. మళ్లీ అది ముక్కుకు తగలడానికి ఇరవై నాలుగేళ్లు పట్టింది.

ఆవులు పోయిన ఇంట్లో చెయ్యడానికి పనేమీ మిగల్లేదు. ఆవులప్ప బెంగళూరు బస్సెక్కాడు. చిక్కపేటలో ఇరవై రెండేళ్లు బరువులు మోశాడు. అక్కడ చీరల మూటలు మోసేవాళ్లు వందల మంది. గాజుల పెట్టెలు మోయడానికి మాత్రం షాపులవాళ్లు మనిషిని చూసి పిలుస్తారు. ఆవులప్పను పిలిచేవాళ్లు. గాజుల పెట్టెకు వేసే ముడి ఒకటుంది. తాడును రెండు చుట్లు తిప్పి, మధ్యలో ఒక మెలిక వేసి, కొసను వెనక్కి మడిచి దోపాలి. ఎంత లాగినా జారదు, ఒక్క వేలితో విప్పితే ఊడొస్తుంది. ఆ ముడి అతని చేతికి ఎంతగా పట్టుబడిందంటే పాత పేపర్ల కట్ట కట్టినా, టిఫిన్ క్యారియరుకు గుడ్డ చుట్టినా అదే పడేది. అతని భార్య సుబ్బలక్ష్మమ్మ, "నా తాళికీ ఇదే ముడి ఏసినావు గదప్పా, ఒక్క ఏలితో ఊడొస్తాదేమో సూసుకో" అని ఎగతాళి చేసేది.

తొంభై ఆరులో నడుము ఇక చాలంది. గాజుల షాపు యజమాని వెంకటరాయప్ప, "మహదేవపురలో ఏదో కంపెనీ అంట, గాజు సామాను పగలగొట్టని మనిషి కావాలంట, పోతావా?" అని చీటీ రాసిచ్చాడు. అలా ఆవులప్ప ఒక ఎంజైముల కంపెనీలో లాబ్ అటెండర్ అయ్యాడు. మారతహళ్ళిలో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. అప్పటికింకా ఆ చుట్టుపక్కల కొత్తిమీర మళ్లు ఉండేవి. పొద్దున్నే సైకిల్ మీద వచ్చి, సీసాలు కడిగి, ఆరబెట్టి, మూతలకు దూది చుట్టి, ఆవిరిలో ఉడికించి ఇచ్చేవాడు. మొదటి ఏడాది ఒక్క సీసా పగల్లేదు. రెండో ఏడాది ఒకటి పగిలింది, అదీ మేనేజరు చేతిలో.

ఎంజైము అంటే పెద్ద బ్రహ్మరహస్యమేం కాదు. పాలు పెరుగు కావడం, పిండి పులవడం, ఇవన్నీ ఎంజైములు చేసే పనులే. ఆ కంపెనీ సబ్బులకు, బ్రెడ్డుకు, తోళ్లకు అలాంటివి తయారుచేసి అమ్మేది. తొంభై ఎనిమిదిలో కొత్త సెక్షన్ ఒకటి పెట్టారు. గుంటూరు నుంచి వచ్చిన స్టీఫెన్ దానికి పెద్ద. ఆయన కింద సైంటిస్టు నళిని, ఇంకో నలుగురు, సీసాలకు ఆవులప్ప. పని ఏమిటంటే, బాక్టీరియా చేత ఆరోమాటిక్ ఆమ్లాలు చేయించడం. దీన్ని సువాసన ఆమ్లాలని తెలుగులో రాస్తే చదివేవాడు అగరబత్తుల కంపెనీ అనుకుంటాడు. ఆరు కర్బనాలు ఉంగరంలా చుట్టుకుని ఉంటే రసాయనశాస్త్రం దాన్ని ఆరోమాటిక్ అనేస్తుంది, కంపు కొట్టినా సరే.

వాళ్లకు కావలసింది మాండిలిక్ ఆమ్లం. మందుల తయారీలో వాడతారు. దానికి ముడిసరుకు నైట్రైల్ జాతి నూనె ఒకటి. అందులో సయనైడు దాగుంటుంది. మామూలు ఫ్యాక్టరీల్లో ఆ నూనెను గాఢమైన యాసిడ్‌లో గంటలకొద్దీ కాచి ఆమ్లం చేస్తారు. చివరికి చేతిలో సరుకెంతో, పారబోయాల్సిన ఉప్పునీళ్లూ అంతే. పైగా అందులో రెండు రకాలు కలిసి వస్తాయి, కుడిచేతి తొడుగూ ఎడమచేతి తొడుగూ లాగా. చూపుకు ఒకటే, ఒకదాని చోట రెండోది పట్టదు. మందుల కంపెనీకి కావలసింది కుడిచేతిది మాత్రమే. సరైన ఎంజైము ఉన్న బాక్టీరియా దొరికితే మంట అక్కర్లేదు, యాసిడ్ అక్కర్లేదు. గోరువెచ్చటి నీళ్లలో కూర్చుని కుడిచేతివి మాత్రమే అల్లిపెడుతుంది. అదెక్కడుందో వెతకాలి, అంతే.

కొత్త నూనె వచ్చిన రోజున ఒక ఖాళీ బీకరు కడగడానికి వచ్చింది. ఆవులప్ప దాన్ని పట్టుకుని నిలబడిపోయాడు.

"ఆవులప్పా! ముక్కు దగ్గర పెట్టుకోకండి! విషం అది!" నళిని అవతల బల్ల దగ్గర్నుంచి అరిచింది.

"విషమే మేడం. ఇది నాము వాసన గదా."

"ఏమిటి?"

"నాము మేడం, నాము."

"ఆ, నమూనాలు రేపు చూస్తాం. ఫస్ట్ గ్లవ్స్ వేసుకోండి."

నళిని పుట్టింది బెంగళూరులో, మల్లేశ్వరంలో. తాతల నాటి నుంచీ ఇంట్లో తెలుగే. ఆ తెలుగులో చారు ఉంది, చుట్టాలున్నారు, తిట్లు కూడా ఉన్నాయి. జొన్నచేను లేదు. తెలుగు రాయడమూ చదవడమూ ఆమెకు రావు, అక్షరాలన్నీ కన్నడంలోనే. ఆ మాటకొస్తే ఆవులప్పదీ అదే సంగతి. మాట్లాడేది తెలుగు, రాసేది కన్నడ అక్షరాల్లో.

ఆ వారమే నళిని అందరినీ పిలిచి చెప్పింది. "ఎక్కడెక్కడి మన్ను దొరికితే అక్కడిది తెండి. ఇలాంటి విషం మధ్యలో బతికే బాక్టీరియానే దాన్ని తినడం నేర్చుకొని ఉంటుంది." మిగతావాళ్లు వెళ్లి రంగుల ఫ్యాక్టరీల వెనక మురికికాలవల్లో మన్ను తవ్వుకొచ్చారు. ఆవులప్ప ఆదివారం ఊరికి వెళ్లి సుబ్బలక్ష్మమ్మ అన్న పెద్దమునియప్ప పొలంలో ఏడు చోట్ల మన్ను తీసి పొట్లాలు కట్టుకొచ్చాడు. ఇందులో పల్లెటూరి విజ్ఞానం ఏదో ఉందని కళ్లకద్దుకోనక్కర్లేదు. ఆ ఊళ్లో ఎవరికీ బాక్టీరియా సంగతి తెలీదు, ఆవులప్పకూ తెలీదు. అతనికి తెలిసింది ఒక వాసన. అది ఎక్కడ చూశాడో అక్కడి మన్ను తెచ్చాడు.

వచ్చిన మన్నంతా నీడన ఆరబెట్టి, జల్లించి, కాగితం పొట్లాల్లో కట్టి పేరు రాసే పని కూడా ఆవులప్పదే. కాలవ మన్ను పొట్లాల మీద నమూనె ఒకటి, నమూనె రెండు అని కన్నడంలో శుభ్రంగా రాశాడు. తన ఊరి పొట్లాల మీద నాము ఒకటి, నాము రెండు అని ఏడు దాకా రాశాడు. నళిని వాటిని చూసి నవ్వుకుంది. పాపం, చెయ్యి నొప్పెట్టి నమూనె అనే మాటను సగంలో తుంచేశాడు, ఆ తుంచిందాంట్లోనూ తప్పు రాశాడు అనుకుంది. పుస్తకంలో ఇంగ్లీషులో శాంపిల్ ఏడు అని ఎక్కించింది. ఆ పుస్తకంలో అప్పటికే ఒక శాంపిల్ ఏడు ఉంది.

పద్ధతి ఇదీ. సీసాలో నీళ్లు, నాలుగు ఉప్పులు, తిండికి బదులు ఆ విషపు నూనె ఒక్క చుక్క. అందులో చిటికెడు మన్ను వేసి, సీసాలను ఊపే యంత్రం మీద పెడతారు. విషాన్ని తినగలిగింది బతుకుతుంది, మిగతావి చస్తాయి. బతికినదాన్ని తీసి మళ్లీ కొత్త సీసాలో, మళ్లీ ఇంకో సీసాలో. నూనె ఆమ్లంగా మారేటప్పుడు అమోనియా వస్తుంది. మందు చుక్కలు వేసి చూస్తే, అమోనియా ఉన్నచోట నీళ్లు నీలం తిరుగుతాయి. మొదటి శాంపిల్ ఏడు తిరగలేదు. రెండో శాంపిల్ ఏడు నెమలి మెడలా తిరిగింది.

"రెండూ ఒకే కాలవ మన్ను కదా, మొదటిసారి మన చెయ్యే తప్పు చేసుంటుంది," అంది నళిని. పుస్తకంలో ఆ తప్పు ఏమై ఉంటుందో ఒక పేరా వివరణ కూడా రాసింది. బాగా చదువుకున్నవాళ్లతో ఇదొక ఇబ్బంది. జరగని తప్పుకు కూడా కారణం చెప్పగలరు.

స్టీఫెన్ ఒక మీటింగులో తెర మీద ఆ మురికికాలవ ఫోటో వేసి, పరిశ్రమల మురుగే మనకు గని అని ఉపన్యాసం ఇచ్చివచ్చాడు. ఆవులప్పకు ఇంగ్లీషు మీటింగుల సంగతి తెలీదు. తన మన్ను పనికొచ్చిందని మాత్రం తెలుసు, ఎందుకంటే నీలం తిరిగిన సీసా కడిగింది అతనే, దాని మీద తన చేత్తో రాసిన నాము ఏడు అని ఉంది. సుబ్బలక్ష్మమ్మకు చెప్పాడు. "మా అన్న చేన్లో మన్నుకు గూడా ఉద్యోగం వచ్చిందే!" అందామె.

మూడేళ్లు ఆ బాక్టీరియా సెక్షన్ మొత్తాన్ని పోషించింది. చిన్న సీసా నుంచి అయిదు లీటర్ల పాత్రకు, అక్కణ్నుంచి యాభై లీటర్లకు వెళ్లింది. రెండువేల రెండు జనవరిలో మందుల కంపెనీ వాళ్లు వచ్చి చూసుకుని ఒప్పందం రాసుకునేటట్టు ఖాయమైంది. ఒప్పందం కుదిరితే సెక్షన్ ఉంటుంది. కుదరకపోతే మూసేస్తామని పైవాళ్లు ముందే చెప్పేశారు. ఫ్రిజ్‌లో ఉన్న రోజువారీ పెంపకం అప్పటికే చేతులు మారీ మారీ చప్పబడింది. పెరుగుతుంది, నీలం మాత్రం తిరగదు. అసలు బలమైన విత్తనం డీప్ ఫ్రీజర్‌లో, మైనస్ ఎనభై దగ్గర, ఒక డబ్బా నిండా చిన్న గొట్టాల్లో ఉంది. జనవరికి దాన్ని తీసి పెంచాలి.

దానికి ముందు అక్టోబరులో ఆయుధపూజ వచ్చింది. బెంగళూరులో ఆయుధపూజకు కుంకుమ బొట్టు తప్పించుకున్న యంత్రం లేదు. బస్సుకు, రంపానికి, కంప్యూటరుకు, అన్నిటికీ పెడతారు. స్టీఫెన్ చర్చికి పోయే మనిషి. అయినా, "కానివ్వండయ్యా, అరటిపండ్లు నాకూ పెట్టండి" అన్నాడు. అలంకారం ఆవులప్పకు అప్పజెప్పారు. అతను సంబరంగా బంతిపూలు కట్టాడు, గుమ్మడికాయ కొట్టాడు, కిటికీ పొడుగునా సీరియల్ లైట్లు కట్టాడు. లైట్లకు ప్లగ్ పెట్టే చోటు లేకపోయింది. గోడ మూల ఒకటి కనిపించింది. అందులో ఉన్నదాన్ని పీకి లైట్ల ప్లగ్ పెట్టాడు. పూజయ్యాక తీసి సరిచేద్దామనుకున్నాడు. ప్రసాదాలు పంచే హడావుడిలో మరిచిపోయాడు. అది గురువారం. శుక్రవారం విజయదశమి, తర్వాత శని, ఆది.

సోమవారం పొద్దున తలుపు తీసేసరికి లైట్లు ముచ్చటగా మినుకుతున్నాయి. డీప్ ఫ్రీజర్ కింద నీళ్లు.

గొట్టాల్లో ఉన్నదంతా నాలుగు రోజులు కరిగి కుళ్లింది. నళిని అన్నీ పరీక్షించింది. కొన్నిట్లో ఏమీ మొలవలేదు. కొన్నిట్లో మొలిచింది వేరే ఏదో. స్టీఫెన్ అందరినీ నిలబెట్టి అడిగాడు. "ఎవరయ్యా ప్లగ్గు పీకింది?"

 ఆవులప్ప కడిగిన సీసానే మళ్లీ కడగడం మొదలెట్టాడు. ఇరవై రెండేళ్లు గాజు మోసి ఒక్క పెట్టె జారవిడవని మనిషికి, జారవిడిచానని చెప్పడం అలవాటు లేదు.

"సరే, పోనివ్వండి. ఎక్కడ దొరికిందో అక్కడికే పోదాం," అన్నాడు స్టీఫెన్. "శాంపిల్ ఏడు. కాలవ."

కాలవకు వెళ్లారు. బకెట్ మోసింది ఆవులప్ప. ఒకసారి తెచ్చిన మన్నులో ఏమీ లేదు. రెండోసారి ఇంకాస్త లోతుగా తవ్వారు, ఏమీ లేదు. నవంబరు సగం గడిచింది. ఆవులప్పకు తిండి సయించడం లేదు. ఇంకో సంగతీ అతనికి అర్థం కావడం లేదు. పోయింది ఒకటైతే వీళ్లు ఈ కాలవలో వెతుకుతున్నదేమిటి? వేరే ఏదో కొత్తది కావాలేమో, పెద్ద చదువుల వాళ్లు, అడిగితే బాగుండదు అనుకున్నాడు.

మూడోసారి వెళ్లినప్పుడు కాలవ గట్టు మీద నళిని చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని పుస్తకం తిరగేస్తోంది. స్టీఫెన్ ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఇక్కడే ఆవులప్పా, నమూనె ఏడు తీసింది ఇక్కడే కదా?" అంది నళిని.

"నమూనె ఏడు ఇక్కడిదే మేడం."

"మరి ఇన్నిసార్లు తవ్వినా ఎందుకు రావడం లేదు?"

"ఎట్లొస్తాది మేడం? మీరు ఇన్నేండ్లు పెంచింది నాము ఏడు గదా."

నళిని తలెత్తింది. "అదే కదా నేను అన్నది."

"అది కాదు మేడం. ఇది నమూనె. అది నాము."

"రెండూ ఒకటే కదా ఆవులప్పా! మీరు షార్ట్‌గా రాసినారు."

"షార్ట్ ఏముండాది మేడం దాంట్లో? నాము అంటే నాము. జొన్న మోడులోంచి లేస్తాదే, పసులు మేస్తే సస్తాయే, ఆ నాము. మా బావ చేన్లో మన్ను. వాసన గూడా మీకు సెప్పినా గదా ఆ పొద్దు."

కాలవలో నీళ్లు గుడగుడమన్నాయి. స్టీఫెన్ జేబురుమాలు దించాడు. "నళినీ, నేను కాలేజీలో చదివా. జొన్న మొలకలో సయనైడు. ఉంగరం ఉన్నది. మన నూనెకు అది పినతల్లి కూతురు అవుద్ది." ఆయన కాలవ వైపు ఒక చూపు చూశాడు. "మూడేళ్ల నుంచి ఈ మురిక్కి దణ్ణం పెడుతున్నామా మనం? దీని ఫోటో తీసి అద్దం కట్టించానయ్యా నేను!"

నళిని ముఖం కందగడ్డలా అయింది. తర్వాత ఆమెకు నవ్వొచ్చింది. గట్టు మీదే చతికిలబడి నవ్వింది. "నేను మీ స్పెల్లింగ్ తప్పని దిద్దినాను ఆవులప్పా. ఒక పేరా రాసినాను దాని మీద."

మరుసటి రోజే నళిని, ఆవులప్ప కంపెనీ జీపులో ఊరికి వెళ్లారు. దారి పొడుగునా ఆవులప్ప జొన్నచేను ఎలా ఉంటుందో, నాము ఎలా లేస్తుందో చెబుతూనే ఉన్నాడు. ఊరు దాటి మలుపు తిరగగానే జీపు ఆపించాడు.

చేను లేదు. చేనున్న చోట నీలగిరి చెట్లు, మనిషెత్తున, వరసలు వరసలుగా.

పెద్దమునియప్ప తలగుడ్డ సర్దుకుంటూ వచ్చాడు. "ఏమప్పా, సీసాలు కడిగేటోడివి మన్ను కడగను వచ్చినావా?"

"బావా, జొన్న ఏమాయ?"

"జొన్న ఎవురు ఏస్తారప్పా ఈ కాలంలో? రెండేండ్లాయ నీలగిరి పెట్టి. నీళ్లక్కర్లా, మనిషక్కర్లా, కాగితం మిల్లోడు వచ్చి కొట్టుకుని పోతాడు. నేను ఊరికే కూసుంటా."

ఆవులప్ప గట్టు మీద కూలబడ్డాడు. కాసేపు నేలను గీకాడు. "మేడం," అన్నాడు, "ఆ ప్లగ్గు పీకింది నేను."

"నాకు తెలుసు."

"ఎవురు సెప్పిరి?"

"మీ ముడి. ఆ లైట్ల వైరు కిటికీకి కట్టిన ముడి చూసినాను. పేపర్ల కట్టకు మీరు వేసేది అదే. ఇంకెవరికీ ఆ ముడి రాదు."

"మరి స్టీఫెన్ సార్‌కు ఏంటికి సెప్పలేదు?"

నళిని నీలగిరి ఆకు ఒకటి తుంచి నలిపింది. "విత్తనం రెండో కాపీ ఇంకో ఫ్రీజర్‌లో పెట్టాలి, అది రూలు. ఆ పని నాది. మూడేళ్లుగా రేపు పెడతాను, రేపు పెడతాను అనుకున్నాను. మీరు పీకింది ఒక ప్లగ్గు. మీ పేరు చెప్తే నా పేరూ చెప్పాలి కదా."

ఆవులప్పకు మూడు వారాల తర్వాత మొదటిసారి ఆకలేసింది. దాని వెనకే బుర్ర కూడా పని చేసింది. "బావా, అప్పట్లో నాము పెరికి యాడ ఏసేవాడివి?"

"పసులు మూతి పెట్టకుండా గుంతలో పారేసేవాణ్ని. ఇప్పుడూ ఆడనే ఏస్తా. బర్రెకని బావి దగ్గర రెండు సాళ్లు జొన్న ఉండాది గదా. నీలగిరాకు తిని పాలిస్తాదా ఏమి బర్రె?"

"మేడం!" ఆవులప్ప లేచాడు. "ఆరు పొట్లాలే చేన్లోవి. ఏడోది ఆ గుంతలోది!"

గుంత బావి వెనక ఉంది, చుట్టూ కంప కొట్టి. ఇరవై ఏళ్ల నాము అందులో పడి కుళ్లి నల్లగా అయిపోయింది. పైన నిన్న మొన్న పెరికిన పచ్చి పిలకలు. నళిని దానివైపు చూసిన చూపు, చిక్కపేటలో ఆడవాళ్లు పట్టుచీరల బీరువా వైపు చూసే చూపు. ఏటా అదే విషం, అదే చోట. తినడం నేర్చుకోని బాక్టీరియాకు అక్కడ బతుకే లేదు. ఆమె లెక్చర్ ఇవ్వబోయి, పెద్దమునియప్ప ముఖం చూసి మానుకుంది.

"ఈ కుళ్లు కోసరం జీపు ఏసుకుని వచ్చినారా?" అన్నాడతను. "ఇంకా కావాలంటే దిబ్బ గూడా ఉండాది, తోలుకుపోండి."

ఈసారి పొట్లాల మీద ఆవులప్ప రాసేటప్పుడు నళిని పక్కనే కూర్చుంది. "ఒక్కో అక్షరం చెప్పి రాయండి," అంది. నా, ము. ఒకటి నుంచి తొమ్మిది దాకా. సీసాలు ఊపే యంత్రమెక్కాయి. వారం తర్వాత మూడిట్లో నీళ్లు మసకబారాయి. కొత్త సీసాలకు మార్చారు. ఇంకో వారానికి రెండు మిగిలాయి. డిసెంబరు పద్నాలుగున మధ్యాహ్నం భోజనాలయ్యాక నళిని మందు చుక్కలు వేసింది. ఆవులప్ప తడి చేతులు తుడుచుకుంటూ వెనక నిలబడ్డాడు. స్టీఫెన్ తన గదిలోంచి రాలేదు. వస్తే తిరగదేమోనని. ఇలాంటి నమ్మకాలు లేవని ఆయన ఎప్పుడూ చెప్పుకునేవాడు.

నాము ఒకటి తెల్లగానే ఉంది. నాము నాలుగు అంచుల్లో పచ్చబడి, చూస్తుండగా నీలం తిరిగింది.

"తిరిగింది సార్!" అని కేక పెట్టింది ఆవులప్పే. స్టీఫెన్ పరుగెత్తుకొచ్చాడు.

"కుడిచేతిదేనా?"

"రేపు తెలుస్తుంది సార్."

తెల్లారి మిషను కూడా ఒప్పుకుంది. నూటికి తొంభై ఏడు కుడిచేతివి. పాతదానికంటే రెండు ఎక్కువే. జనవరిలో మందుల కంపెనీ వాళ్లు వచ్చారు, చూశారు, కాఫీ తాగారు, సంతకాలు పెట్టారు. అంతకు ముందే ఆవులప్ప స్టీఫెన్ గదిలోకి వెళ్లి ప్లగ్గు సంగతి చెప్పేశాడు. ఆ వెనకే నళిని వెళ్లి రెండో కాపీ సంగతి చెప్పింది. స్టీఫెన్ ఇద్దరినీ చెరో అయిదు నిమిషాలు తిట్టాడు. అద్దం కట్టించిన కాలవ ఫోటోను గోడ మీంచి దింపి బల్ల సొరుగులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత విత్తనాన్ని మూడు ఫ్రీజర్లలో పెట్టించారు. పుస్తకంలో దాని పేరు ఇంగ్లీషులో నాము-4 అని ఉంది, స్పెల్లింగ్ ఆవులప్ప చెప్పిందే.

తర్వాతి సంవత్సరాల్లో మహదేవపుర చుట్టూ అద్దాల మేడలు లేచాయి. మారతహళ్ళిలో కొత్తిమీర మళ్లు పోయి వంతెన వచ్చింది. ఆవులప్ప సైకిలు మానేసి బస్సెక్కడం మొదలెట్టాడు. బస్సులో కూర్చుంటే గంట, నిలబడితే గంటన్నర అనిపిస్తుంది. సెక్షన్ పెద్దదైంది. యాభై లీటర్ల పాత్ర పోయి అయిదువందల లీటర్లది వచ్చింది. సీసాలు కడిగే యంత్రం కూడా ఒకటి తెచ్చారు. మొదటి నెలలోనే అది పదకొండు సీసాలు పగలగొట్టింది. ఆవులప్ప ఆ సంగతి సుబ్బలక్ష్మమ్మకు రోజూ కొత్తగా చెప్పేవాడు.

రెండువేల ఆరులో ఏంజెల్ అనే పిల్ల కొత్తగా చేరింది. నెల్లూరు వాళ్లు, నర్సుల కుటుంబం. మొదటి రోజే సెల్‌ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోవడానికి ప్లగ్ వెతుక్కుంటూ గోడ మూలకు పోయింది. అక్కడ డీప్ ఫ్రీజర్ ప్లగ్గును సాకెట్‌తో కలిపి తాడుతో కట్టేసి ఉంది. రెండు చుట్లు, మధ్యలో మెలిక, కొస వెనక్కి మడిచి దోపి. దాని మీద అట్టముక్క, అట్ట మీద కన్నడ అక్షరాలు రెండు.

"అంకుల్, ఏం రాశారిక్కడ?"

"నాము."

"అంటే?"

ఆవులప్ప చేతిలో సీసా తిప్పుతూ వెలుతురుకు ఎత్తి చూశాడు. మచ్చ లేదు. బోర్లించాడు.

"మూతి పెట్టొద్దని," అన్నాడు. "ఛార్జర్ ఇట్లా తే, నా బల్ల కాడ ఇంకో ప్లగ్గు ఉండాది."